కనీస వేతనాల మీద రాయబోతున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. అందులోని ఆవేదన నిజమైనది, దాన్ని పోగొట్టుకోవద్దు. అయితే ‘ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం’ అని పదేపదే రాసిన నువ్వు, ఏ ప్రభుత్వమో ఒక్కచోట కూడా చెప్పలేదు. రైల్వేలు, గనులు, ప్రధాన ఓడరేవుల్లో పనిచేసేవారికి వేతనం నిర్ణయించేది కేంద్రం. హోటళ్లు, దుకాణాలు, రైసు మిల్లులు, బీడీ ఖార్ఖానాలు, పొలం పనులు రాష్ట్రం పరిధిలోవి. సికింద్రాబాద్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం ఊడ్చే కాంట్రాక్టు కార్మికురాలికి కేంద్ర రేటు వర్తిస్తుంది. స్టేషన్ బయటి రోడ్డు ఊడ్చే ఆమెకు రాష్ట్ర జీవో వర్తిస్తుంది. చీపురు ఒకటే, దుమ్ము ఒకటే, చట్టం ముందు మాత్రం వారిద్దరి లెక్కలు వేరు. ఈ తేడా చెప్పకుండా ఒకే అంకె వేస్తే, చదివిన కార్మికురాలు తనది కాని రేటు పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లి, ఉత్తచేతులతో తిరిగి వస్తుంది.

అంకె వేసేటప్పుడు దాని తేదీ, ప్రాంతం, పని తరగతి కూడా వెంట ఉండాలి. ఉదాహరణకు, 2024 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం కేంద్ర పరిధిలో, ‘ఎ’ ప్రాంతంలో (అంటే పెద్ద నగరాల్లో), ఊడ్చే పనికి, నైపుణ్యం అవసరం లేని తరగతికి రోజుకు 783 రూపాయలు అని రాస్తేనే అది పూర్తి వాక్యం. వారపు సెలవుకు కూడా వేతనం అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి దీన్ని నెలలోని 26 పనిదినాలతో హెచ్చించి నెలకు 20,358 అంటారు. అదే నెల మొత్తాన్ని ఎవరైనా 30తో భాగించి రోజు కూలి చూపితే, 783 కాస్తా దాదాపు 679కి దిగిపోతుంది. కాబట్టి వేతన చీటీ చేతికి వస్తే, ముందుగా ఎన్ని రోజులతో భాగించారో చూడు.

వేతనంలో రెండు భాగాలుంటాయి: మూల వేతనం, ధరల సూచీని బట్టి మారే కరువు భత్యం. కేంద్ర రేట్లలో ఈ భత్యం ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మారుతుంది. మూల వేతనాన్ని మాత్రం అయిదేళ్లకు మించని వ్యవధుల్లో సమీక్షించి, అవసరమైతే సవరించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టం చెప్పింది. నా అభిప్రాయంలో అసలు అన్యాయం జరిగేది ఇక్కడే. గడువు దాటినా సవరణ రాకపోతే, కరువు భత్యం పాత బతుకును ధరల వెంట నడిపిస్తుందే తప్ప, మారిన అవసరాలను లెక్కలోకి తీసుకోదు. ఆ అవసరాల లెక్క ఎలా ఉండాలో 1957లోనే భారత కార్మిక సదస్సు (ప్రభుత్వం, యజమానులు, కార్మికుల ఉమ్మడి వేదిక) చెప్పింది: ఒక్కో వయోజనుడికి రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె; ఇవి కాక వంటచెరకు, దీపం వంటి ఇతర ఖర్చులకు మొత్తం కనీస వేతనంలో 20 శాతం. పిల్లల చదువు, వైద్యం వంటివాటికి మరో 25 శాతం కలపాలని సుప్రీంకోర్టు 1991లో రాప్టకోస్ బ్రెట్ అనే కంపెనీ కేసులో పేర్కొంది. నీ ఊరి రేటును ఈ కొలతతో బేరీజు వెయ్యి. వ్యాసానికి అదే వెన్నెముక అవుతుంది.

ఆ 1948 చట్టం స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్ అనే కొత్త చట్టం 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిందని గుర్తుంచుకో. పాత చట్టం షెడ్యూలులో పేరున్న పనులకే వర్తించేది. కోడ్‌లో ఆ షెడ్యూలు లేదు. కేంద్రం ప్రకటించే కనిష్ఠ స్థాయి వేతనం కన్నా ఏ రాష్ట్రమూ తక్కువ నిర్ణయించకూడదు. ఇప్పటికే ఎక్కువ ఉన్నచోట తగ్గించనూ కూడదు. జాతీయ కనిష్ఠ స్థాయి అన్నది 1996లోనే 35 రూపాయలతో మొదలైంది గానీ, అప్పట్లో దానికి చట్టబద్ధత లేదు. ఇకముందు ఆ స్థాయిని ఎంత దగ్గర ఖరారు చేస్తారన్నది నీవంటివారు కాపలా కాయవలసిన విషయం. అది తక్కువగా ఉంటే, రాష్ట్రాలు దానికి ఒక రూపాయి పైన వేసి చేతులు దులుపుకోవచ్చు.

మరొకటి. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు చాకిరీయే అని, 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. దీన్ని నీ వ్యాసం మొదట్లోనే పెట్టు. చివర్లో, తగ్గిన వేతనం కోసం దరఖాస్తు చేసుకునే గడువు పాత చట్టంలో ఆరు నెలలే ఉండగా కోడ్‌లో మూడేళ్లయిందని, బకాయికి పది రెట్ల దాకా పరిహారం ఇప్పించవచ్చని స్పష్టంగా రాయి. సవరించిన ప్రతిని నాకు పంపు.

శుభాకాంక్షలతో.