ఒకినావా నుంచి అమెరికా సైనికులు గువామ్‌కు వెళ్తుంటే, ఒకినావా జనం బేస్‌లను ఇంకా ఎందుకు వ్యతిరేకిస్తున్నారు?

జపాన్ దక్షిణ కొసన ఉన్న దీవుల ప్రాంతం ఒకినావా గురించి మీరు అడిగినవి రెండు విషయాలు. సైనికులు ఎలాగూ పసిఫిక్‌లోని అమెరికా దీవి గువామ్‌కు వెళ్తున్నారు కదా, ఇంకా గొడవ దేనికి? బేస్ (సైనిక స్థావరం) మీద బతికే జనం బేస్ వద్దని ఎలా అంటారు? నేను ఒకినావాలోనే ఓన్నాలోని సైన్స్ యూనివర్సిటీలో పని చేస్తూ కొన్నేళ్లు కుటుంబంతో చటాన్‌లో ఉన్నాను. విదేశీయుణ్ని కాబట్టి నాకు అక్కడ ఓటు లేదు. ఇరుగుపొరుగు వాళ్లతో, మా బాబు నర్సరీ దగ్గర పరిచయమైన తల్లిదండ్రులతో మాట్లాడి తెలుసుకున్నది చెప్తాను.

ముందు తరలింపు సంగతి. 2006లో జపాన్, అమెరికా చేసుకున్న ఒప్పందం ప్రకారం 8 వేల మంది మెరీన్లు (అమెరికా సైన్యంలో ఒక విభాగం వాళ్లు) 2014 కల్లా గువామ్ చేరాలి. 2012లో దాన్ని మార్చారు. 9 వేల మంది ఒకినావా వదిలి వెళ్తారు, వాళ్లలో 4 వేలకు పైగా గువామ్‌కు అన్నారు. మొదటి జట్టు కదిలింది 2024 డిసెంబర్‌లో, అదీ సుమారు వంద మంది. మొత్తం పూర్తయినా దాదాపు 10 వేల మంది మెరీన్లు ఒకినావాలోనే ఉంటారు. యుద్ధ విమానాలు మోత మోగించే కడేనా ఎయిర్ బేస్ ఈ లెక్కలోకే రాదు. జపాన్ భూమిలో ఒకినావా వాటా 0.6 శాతం. కానీ ఆ దేశంలో అమెరికా సైన్యం ఒక్కటే వాడుకునే స్థలంలో 70 శాతం ఒకినావాలోనే ఉంది.

గొడవంతా ఫుటెన్మా చుట్టూ తిరుగుతుంది. గినోవాన్ నగరం నడిబొడ్డున ఉన్న ఎయిర్ బేస్ అది. "జనమే తర్వాత వచ్చి బేస్ చుట్టూ ఇళ్లు కట్టుకున్నారు" అని ఇంటర్నెట్‌లో తరచూ రాస్తుంటారు. అది నిజం కాదు. అక్కడ ఊళ్లు, బడి, పొలాలు ఉండేవి. 1945 యుద్ధం తర్వాత శిబిరాల నుంచి తిరిగొచ్చిన జనానికి తమ ఊరి స్థానంలో కంచె కనిపించింది. 2017 డిసెంబర్‌లో ఆ బేస్ పక్కనున్న ప్రాథమిక పాఠశాల మైదానంలో పిల్లలు ఆడుకుంటుంటే హెలికాప్టర్ కిటికీ ఊడి పడింది. ఆ తర్వాత చాలాకాలం, హెలికాప్టర్ దగ్గరికి వచ్చినప్పుడల్లా పిల్లలు ఆట ఆపి లోపలికి పరుగెత్తాల్సి వచ్చేది. చిన్నపిల్లాడున్న మాకు ఆ వార్త చూశాక చాలా రోజులు టెన్షన్ పోలేదు.

ఈ ఫుటెన్మాను ఐదు నుంచి ఏడేళ్లలో తిరిగి ఇచ్చేస్తామని 1996లోనే మాటిచ్చారు. షరతు ఏమిటంటే, బదులుగా ఒకినావాలోనే కొత్తది కట్టాలి. తర్వాత అదే దీవిలో హెనోకో దగ్గర సముద్రం పూడ్చి రన్‌వే కట్టాలని తేల్చారు. జనం ఒప్పుకోనిది దీన్నే. హెనోకో పక్కనున్న ఔరా అఖాతం అడుగున నేల మెత్తగా ఉందని తేలింది. దాన్ని గట్టిపరచడానికి 70 వేలకు పైగా స్తంభాలు దించాలట. 2030ల మధ్య వరకూ పని అవ్వదు.

2019 ఫిబ్రవరి 24న దీనిపై ఒకినావా అంతటా ప్రజాభిప్రాయ ఓటింగ్ జరిగింది. మొదట ఐదు నగరాలు ఓటింగ్ పెట్టబోమన్నాయి. ఒక యువకుడు గినోవాన్ సిటీ హాల్ ముందు నిరాహార దీక్ష చేశాడు. చివరికి "రెండూ కాదు" అనే మూడో ఆప్షన్ చేర్చాక అన్ని చోట్లా పెట్టారు. పూడ్చొద్దన్నవాళ్లు 72 శాతం. మా పక్కింటావిడ భర్త బేస్‌లోనే ఎలక్ట్రీషియన్. ఆవిడా వద్దనే ఓటేసింది. "జీతం అక్కడిదే. అయినా ఆ సముద్రం మాది" అంది. మర్నాడు కూడా పూడ్చివేత పనులు ఆగలేదు. గవర్నర్ డెన్నీ తమాకి డిజైన్ మార్పులకు సంతకం పెట్టనంటే, 2023 డిసెంబర్‌లో టోక్యోలోని మంత్రే ఆయన బదులు అనుమతి ఇచ్చేశాడు.

ఇక మీకు వింతగా అనిపించే విషయం నాగో. హెనోకో ఉన్నది ఆ నగరంలోనే. 2018లో అక్కడ బేస్‌ను గట్టిగా వ్యతిరేకించే మేయర్ ఓడిపోయాడు. గెలిచిన తోగుచి "కోర్టులో తేలనివ్వండి" అంటూ బేస్ గురించి ఏమీ తేల్చి చెప్పలేదు. పాత మేయర్ ఉన్నంతకాలం ఆపేసిన కేంద్రం నిధులు కొత్త మేయర్ రాగానే మొదలయ్యాయి. ఆ డబ్బుతో స్కూల్లో మధ్యాహ్న భోజనం, నర్సరీ ఫీజు ఉచితం చేశారు. ఆ నగరం నుంచి వచ్చే నా సహోద్యోగిని ఒకరు ఆయనకే ఓటేసింది. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. ప్రజాభిప్రాయ ఓటింగ్‌లో మాత్రం పూడ్చొద్దని వేసింది. "ఎలా ఓటేసినా కడతారు. భోజనమైనా దక్కనీ" అంది. దీన్ని చూపించి "స్థానికులు ఒప్పుకున్నారు" అనడం నా దృష్టిలో పెద్ద అన్యాయం. పిల్లల అన్నాన్ని రాజకీయ బేరంలో పెట్టింది ఆ తల్లి కాదు.

బేస్ మీదే బతుకుతారన్న మాట 1972లో, ఒకినావా తిరిగి జపాన్‌లో చేరినప్పుడు, కొంతవరకు నిజమే. అప్పట్లో ఆదాయంలో దాని వాటా దాదాపు 15 శాతం. ఇప్పుడు 5-6 శాతం దగ్గర ఉంది. దాదాపు 9 వేల మందికి బేస్‌లలో ఉద్యోగాలున్నాయి, భూముల అద్దె అందుకునే కుటుంబాలూ ఉన్నాయి. వాళ్ల భయాన్ని కాదనను. కానీ ఒకినావా రాజధాని నాహాలో సైనికుల ఇళ్లు ఉన్న స్థలం తిరిగొచ్చాక అక్కడ షాపులు, ఆఫీసులు, మ్యూజియం వచ్చాయి. మేము సరుకులకు వెళ్లే రైకమ్ మాల్ కూడా ఒకప్పుడు సైనికుల గోల్ఫ్ మైదానమే.

గువామ్ వాళ్లు సంతోషంగా ఉన్నారా అంటే, అక్కడా రెండు మాటలున్నాయి. వ్యాపారులు, కాంట్రాక్టర్లు రమ్మంటున్నారు. కానీ పాగత్ అనే ప్రాచీన చమోరో (గువామ్ మూలవాసుల) గ్రామం దగ్గర ఫైరింగ్ రేంజ్ పెట్టాలనుకుంటే స్థానికులు 2010లో కోర్టుకెళ్లారు. తర్వాత దాన్ని దీవి ఉత్తర కొసకు, రిటిడియన్ వైపుకు మార్చారు. అక్కడా వ్యతిరేకత ఉంది. గువామ్ ప్రజలు అమెరికా పౌరులే అయినా అధ్యక్షుడి ఎన్నికలో వాళ్లకు ఓటు లేదు. ప్రతినిధుల సభలో వాళ్ల సభ్యుడికి బిల్లుల మీద తుది ఓటు లేదు. హెనోకో గేటు దగ్గర రోజూ కూర్చునే పెద్దవాళ్లలో చాలామంది "గువామ్‌కు పంపండి" అని అడగరు. సైనికుల్ని తగ్గించమనే అడుగుతారు.