మేనకోడలికి: హోషినా మసయుకి గురించి ఎలా రాయాలంటే

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

పదిహేడో శతాబ్దపు జపాన్ పాలకుల్లో ఒకడైన హోషినా మసయుకి మీద వ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నానని రాశావు. పుట్టుక దగ్గర మాత్రం మొదలుపెట్టకు. షోగన్ (జపాన్‌ను ఏలే సైనిక పాలకుడు) హిదెతదాకి 1611లో పుట్టిన కొడుకు, పట్టపురాణికి తెలియకుండా హోషినా వారింట పెరిగాడు. సినిమా కథలా ఉంటుంది కాబట్టి అందరూ అక్కడే ఆగిపోతారు. నువ్వు రెండు వాక్యాల్లో తేల్చెయ్. కానీ షోగన్ బంధువులకిచ్చే మత్సుదైరా ఇంటిపేరు కాదని, పెంచినవాళ్ళ ఇంటిపేరే చివరిదాకా ఉంచుకున్నాడన్నది వదలకు.

1657తో మొదలుపెట్టు. అప్పటికి ఆరేళ్ళ క్రితమే అప్పటి షోగన్, అన్న ఇయెమిత్సు కన్నుమూస్తూ, పదేళ్ళైనా నిండని కొడుకు ఇయెత్సునాను ఇతని చేతిలో పెట్టాడు. ఆ ఏడాది మెయిరెకి అగ్నిప్రమాదంలో ఎదో నగరంలో (నేటి టోక్యో) చాలాభాగం బూడిదైంది. షోగన్ కోటలోని ఐదంతస్తుల బురుజూ కాలిపోయింది. దాన్ని మళ్ళీ కట్టడానికి మయెదా వంశపు సామంతులు రాతి పునాది కూడా లేపారు. మసయుకి వద్దన్నాడు. యుద్ధాలు ముగిశాయి, ఇక అది దూరం నుంచి చూసుకోవడానికే పనికొస్తుంది, ముందు ఊరు నిలబడాలి అన్నది అతని వాదన. ఇళ్ళు పోయిన పట్నవాసులకు 1,60,000 ర్యోల (అప్పటి బంగారు నాణేలు) సాయం అందింది. బురుజు మాత్రం ఈనాటికీ లేదు. టోక్యో రాజప్రాసాదపు తూర్పు తోటలో ఉత్త పునాదే కనిపిస్తుంది. నన్నడిగితే నీ వ్యాసానికి అదే గుండెకాయ. రాజ్యం చేతిలో ఉన్నవాడు కట్టినవాటిని లెక్కపెట్టడం తేలిక, కట్టకుండా ఆపినదాన్ని చూపించడమే కష్టం.

ప్రభువు చనిపోతే అనుచరులు ప్రాణం తీసుకునే ఆచారాన్ని షోగన్ ప్రభుత్వం 1663లో నిషేధించింది. అంతకుముందే మసయుకి తన ఐజు సంస్థానంలో దాన్ని ఆపించాడు. ఐజులోనే 1655లో కరువుకాలంలో రైతులకు బియ్యం అప్పిచ్చే ధాన్యపు కొట్లు పెట్టించాడు. తొంభై దాటినవాళ్ళకు హోదాతో పని లేకుండా బియ్యం ఇప్పించాడు. వీటికి ఒక్క పేరా చాలు.

అలాగని దేవుణ్ణి చెయ్యకు. చైనా తత్వవేత్త జు షీ సిద్ధాంతాన్ని విమర్శించిన పండితుడు యమగా సోకోను 1666లో అకో అనే దూరపు సంస్థానానికి ప్రవాసం పంపేయడం వెనక ఇతని ప్రమేయం ఉందంటారు. 1668లో వారసులకు రాసిన పదిహేను నియమాల్లో మొదటిది, షోగన్‌కి తిరుగులేని విధేయత. రెండు వందల ఏళ్ళ తర్వాత ఆ మాటకే కట్టుబడిన ఐజు, షోగన్ పక్షానికీ చక్రవర్తి పక్షానికీ జరిగిన 1868 యుద్ధంలో కోటనే పోగొట్టుకుంది. అది గొప్పో తప్పో నువ్వు తీర్పు చెప్పనక్కర్లేదు, రెండూ పక్కపక్కన పెట్టు.

ఇంకోటి. చివరి రోజుల్లో తన పాలనా పత్రాలు కాల్చేయించాడని చెబుతారు. అందుకని ప్రతి నిర్ణయానికీ ‘ఇతనే చేశాడు’ అని రాయకు, ఆధారం లేనిచోట ‘ఇతని హయాంలో’ అను. డ్రాఫ్ట్ అయ్యాక పంపు. పుట్టుక కథ పేజీ దాటితే కత్తెర వేస్తాను.

మీ మామయ్య