శాండ్‌హిల్స్‌కి కెమెరా పట్టుకుని వెళ్తున్న మా చిట్టికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది, నువ్వు మే నెలలో ఒక్కదానివే కారేసుకుని అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని శాండ్‌హిల్స్‌కి, ఆ గడ్డి మొలిచిన ఇసుక దిబ్బల్లోకి పోయి, అక్కడ రాంచుల్లో, అంటే పశువుల్ని పెంచే చోట్ల, మనుషుల్ని, వాళ్ళ రోజువారీ పనుల్ని ఫొటోలు తీస్తావంట కదా. అక్క భయపడుతూ చెప్పింది, నాకు మాత్రం ముందు సంతోషమేసింది, ఆ తర్వాత నిద్ర పట్టలా. అక్కడ 14 ఏళ్ళు మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి, ఆదివారాలు కెమెరా మెళ్ళో వేసుకుని తిరిగినవాణ్ణి, చెప్పకుండా ఎట్లా ఉంటాను.

దుమ్ములో లెన్స్ మార్చకు. ట్యాంకు సగమైతే నింపుకో, అక్కడి చెర్రీ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఒక్కటే కనెక్టికట్ రాష్ట్రం కంటే పెద్దది, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకు. ఆ కౌంటీ మధ్యలోనే టైమ్ జోన్ మారుతుంది, 7 గంటలకి రమ్మంటే ఏ టైమో అడుగు. గేటు ఎలా ఉంటే అలాగే వదిలెయ్. ఎన్ని ఆవులున్నాయని మాత్రం అడగొద్దు, బ్యాంకులో ఎంతుందని అడిగినట్టే. ఎండుగడ్డి మీద కారు ఆపొద్దు, సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది, ఇది రెండుసార్లు చదువు తల్లీ.

డ్రోన్ కూడా కొన్నావంట. అది ఇంట్లో పెట్టి వెళ్ళు. ఎందుకో చెప్తా.

1996 మే. దూడలకి ముద్రలేసే రోజు. మన ఊళ్ళో నాట్లకి బదులు వెళ్ళినట్టే చుట్టుపక్కల రాంచుల వాళ్ళందరూ వచ్చారు. తెల్లారకముందే గుర్రాల మీద పోయి తల్లుల్నీ దూడల్నీ తోలుకొస్తున్నారు, ఎదురెండలో దుమ్ము బంగారంలా లేస్తోంది. ఆ ఫ్రేమ్ కోసం నేను సరిగ్గా దొడ్డి గేటు మధ్యలో ట్రైపాడ్ పెట్టా, తెల్లచొక్కాతో. ఎవర్నీ అడగలా. ముందొచ్చే ఆవు నన్ను చూసి ఆగింది, తలెత్తింది, అంతే, మంద మొత్తం వెనక్కి తిరిగింది, తల్లులొక దిక్కు, దూడలొక దిక్కు. ఆ రాంచ్ పెద్దాయనకి అప్పటికే 72 ఏళ్ళు, మందకి అడ్డం పడదామని గుర్రాన్ని దౌడు తీయించాడు, దాని కాలు బ్యాడ్జర్ అనే నేల తవ్వే జంతువు బొరియలో పడింది. గుర్రం లేచింది. ఆయన లేవలా, భుజం దగ్గర ఎముక విరిగింది.

ఒక్కళ్ళు ఒక్క మాట అన్లేదు చిట్టీ. మంద మళ్ళీ చేరేసరికి మధ్యాహ్నమైంది, భోజనాలప్పుడు ఆయన కోడలు నా చేతికీ ప్లేటిచ్చింది. అది పట్టుకుని పికప్ చాటున కూర్చుని ఏడ్చాను. మీ అత్తకి కూడా చెప్పలేదిది. ఆయన మళ్ళీ గుర్రం ఎక్కలేదు. ఆ రీలు నేను రెండేళ్ళు కడిగించలేదు. ఆయన పోయాక ఆ కోడలు షాపుకొచ్చి, మందులు సంచిలో వేసుకుంటూ, ఆ రోజు గుర్రం మీదున్న ఫొటో ఏదైనా ఉందా అనడిగింది. ఉంది. పడబోయే ముందు, మంద వైపు వంగి, టోపీ వెనక్కి లేచిపోతూ. ఇచ్చాను. ఫ్రిజ్‌కి అంటించుకుంది. తర్వాత వాళ్ళింటికి ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ఫ్రిజ్ వైపు చూడలేకపోయేవాణ్ణి.

ఒక్క మనిషిని చూసే అట్లా బెదిరిన మంద, నెత్తిన డ్రోన్ ఎగిరితే ఏమవుతుందో ఆలోచించు. అందుకని, మొదటిరోజు కెమెరా కార్లోనే ఉంచి, నేనెక్కడ నిలబడాలి అని అడుగు. వాళ్ళు చూపించే చోట వెలుతురు బాగుండదు, అయినా అక్కడే నిలబడు. పక్కనే కస్టర్ కౌంటీలో సాలమన్ బుచర్ అనే ఆయన 1886 నుంచి మట్టిగడ్డలు కోసి కట్టుకున్న ఇళ్ళ ముందు కుటుంబాల్ని ఫొటోలు తీశాడు, పిల్లా పాపా, గుర్రాలూ ఆవులూ అన్నీ వరసగా, కెమెరా వైపే చూస్తూ. అందరికీ తెలిసి తీసినవి. వెళ్ళేలోపు అవి తీరిగ్గా చూడు.

మాటలు కలవకపోతే మాది ఒంగోలు అని చెప్పు. టెక్సాస్‌లో పెంచే బ్రాహ్మణ్ అనే రకం పశువుల్లో మన ఒంగోలు జాతి రక్తం ఉందని నాకు చెప్పింది అక్కడి రాంచరే, వాళ్ళు నెల్లూరు అంటారు. మాంసం తిననని ముందే చెప్పు, బ్రెడ్డూ, ‘పై’ అనే తీపి వంటకమూ ఉంటాయి, ఆకలితో పడుకోకు. ఫొటోలు ఫోన్లో పంపి ఊరుకోకుండా ప్రింట్లు పోస్టు చెయ్, ఖర్చు నేనిస్తా.

20వ నంబర్ హైవే మీద వాలెంటైన్ ఊరు చేరగానే ఫోన్ చెయ్. ఎంత రాత్రయినా సరే, మేలుకునే ఉంటా.

మావయ్య