కూర్చోవడానికీ రాయడానికీ మధ్య ఐదు నిమిషాలు

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పన్నెండు మంది ఆడవాళ్లు, నాలుగు రోజులు, పొద్దున ధ్యానం, మధ్యాహ్నం రాత. ఇన్నాళ్లూ నా శిబిరాలకు వచ్చి ఓ మూల కూర్చుని రాసుకున్న పిల్లవి, ఇప్పుడు నువ్వే ఒకటి నడపబోతున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. కానీ నువ్వు పంపిన టైంటేబుల్ దగ్గర ఆగిపోయాను. ధ్యానానికీ రాతకీ మధ్య నాలుగు గంటలు పెట్టావు. అందులో భోజనం, కబుర్లు, కాస్త కునుకు. అప్పటికి పొద్దున కూర్చున్న మనసు ఎక్కడికో వెళ్లిపోతుంది. అలా చేస్తే ఒకే ఇంట్లో రెండు శిబిరాలు జరిగినట్టవుతుంది. నేనూ మొదటి మూడేళ్లు అలాగే పెట్టాను, అందుకే చెబుతున్నాను.

ఇరవై నిమిషాలు కూర్చోబెట్టు. తర్వాత ఐదు నిమిషాలు గదిలోనే మెల్లగా నడవమను. ఆ వెంటనే పదిహేను నిమిషాలు రాయించు. ఇది ఒక విడత. పొద్దున రెండు విడతలు, సాయంత్రం ఒకటి చాలు. ఇంకా ఎక్కువ పెట్టాలని నీకు అనిపిస్తుంది, పెట్టకు.

ఆ నడిచే ఐదు నిమిషాలను ఎంత జాగ్రత్తగా కాపాడితే నీ శిబిరం అంత బాగా నడుస్తుంది. తిమ్మిరెక్కిన కాళ్లు సర్దుకుంటాయి. మూసిన కళ్లు తెరుచుకుని నేలను, కిటికీని, ముందు నడిచే మనిషి మడమల్ని చూస్తాయి. లోపల ఉన్నది మెల్లగా బయటి వస్తువుల మీదికి వస్తుంది. ఆ ఐదు నిమిషాల్లో ఎవరూ మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు. "అబ్బ, ఎంత హాయిగా ఉందో" అని ఒక్కరు అన్నా చాలు, అందరూ ఆ మాటకు తలూపుతారు, ఇక ఎవరి అనుభవం వాళ్ల దగ్గర ఉండదు. ఈ సంగతి మొదటి రోజే సూటిగా చెప్పు. మొహమాటపడకు.

పొద్దున మొదటి విడత అయ్యేదాకా అసలు మాటే వద్దు. 1934లోనే డొరతియా బ్రాండ్ అనే అమెరికన్ రచయిత్రి కొత్తగా రాసేవాళ్లకు ఇదే చెప్పింది: నిద్ర లేవగానే, ఎవరితోనూ మాట్లాడకముందు, పేపరు చదవకముందు రాయమని. నేను చేయించి చూశాను, నిజమే. మాట్లాడటం మొదలుపెట్టాక మనం ఎదుటివాళ్లకు నచ్చేలా వాక్యం పేర్చుకుంటాం. అదే వాక్యం కాగితం మీదికీ వస్తుంది.

ఇప్పుడు అసలు చిక్కు సంగతి. రెండో రోజుకల్లా ఎవరో ఒకరు నిన్ను అడిగి తీరతారు. "కళ్లు మూసుకుని కూర్చుంటే మంచి వాక్యం వచ్చిందండీ. ఊపిరి మీదికి వెళ్లమంటారా, లేచి రాసుకోమంటారా?" ధ్యానంలో వచ్చినదాన్ని వదిలేయమంటాం. రాసేటప్పుడు వచ్చినదాన్ని పట్టుకోమంటాం. రెండూ ఎదురెదురు పనులు. అందుకే కొన్ని సంప్రదాయాల్లో వీటిని అసలు కలపనివ్వరు. ధ్యాన గురువు గోయెంకా గారి పద్ధతిలో జరిగే పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరాల్లో చదవడం, రాయడం రెండూ నిషిద్ధం. అక్కడికి వెళ్లి వచ్చినవాళ్లు నీ దగ్గరికి వస్తే, మీరు చేస్తున్నది తప్పు కదా అనొచ్చు. వాళ్లతో వాదించకు. అక్కడి ఉద్దేశానికి ఆ నియమం సరైనదే. అక్కడ మనసును చూడటమే పని. చూసినదాన్ని రాతలో పెట్టాలనుకుంటే, ఎప్పుడు చూడాలో ఎప్పుడు రాయాలో హద్దు గీసుకోవాలి.

నేను చెప్పే జవాబు ఒకటే: వదిలేయమను. ఎంత మంచి వాక్యమైనా సరే, గంట మోగేదాకా కలం ముట్టుకోవద్దను. మొదట్లో చాలా బాధగా ఉంటుంది, ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. కానీ కూర్చున్నప్పుడు వచ్చే ఆ మొదటి వాక్యం తరచుగా అందంగా ఉంటుంది, మనదై ఉండదు. ఎక్కడో చదివినది, విన్నది. దాన్ని పోనిచ్చాక, నడిచి వచ్చి కాగితం ముందు కూర్చున్నప్పుడు ఇంకోటి వస్తుంది. అది ముతకగా ఉంటుంది, దానిలో ఒక వస్తువు ఉంటుంది, ఒక వాసన ఉంటుంది. ధ్యానాన్ని రాతకు వార్మప్‌లా చూసేవాళ్లకు ఈ రెండోది దొరకదు. వాళ్లు కూర్చున్నంతసేపూ వాక్యాలు వేటాడుతూ ఉంటారు. ఈ తేడా మాటల్లో చెబితే ఎక్కదు. రెండు రోజులు చేస్తే వాళ్లకే తెలుస్తుంది.

ఈ కలయిక కొత్త ఫ్యాషన్ అని ఎవరైనా అంటే థేరీగాథల గురించి చెప్పు. బౌద్ధ భిక్షుణులు చెప్పిన పద్యాలవి. పాళీలో ఉన్నాయి, మొత్తం 73. ప్రపంచంలో ఆడవాళ్ల కవిత్వపు తొలి సంకలనాల్లో ఒకటి, అదీ ధ్యానంలో బతికిన ఆడవాళ్లది. అందులో పటాచార అనే భిక్షుణి పద్యం నాకు ప్రాణం. భర్తనూ పిల్లల్నీ పోగొట్టుకున్న మనిషి ఆమె అని కథ. పద్యంలో మాత్రం ఆ దుఃఖం గురించి ఒక్క మాట ఉండదు. కాళ్లు కడుక్కుంటూ, నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి జారడం చూస్తుంది. తర్వాత దీపం తీసుకుని గదిలోకి వెళుతుంది, పక్క చూసుకుంటుంది, సూదితో వత్తిని కిందికి లాగుతుంది. దీపం ఆరిపోతుంది, మనసుకు విడుదల దొరుకుతుంది. నీళ్లు, వత్తి, సూది, అంతే. నీ శిబిరంలో రాతకు ఇచ్చే అంశాలు కూడా ఇలాంటి చోటు నుంచే రావాలి.

పెద్ద పెద్ద మాటలు ఇవ్వకు. "స్వేచ్ఛ", "నాలోని నేను" అని బోర్డు మీద రాస్తే అందరూ ఉపన్యాసాలు రాస్తారు. "ఈ పొద్దున నీ చేతులు మొదట ముట్టుకున్న వస్తువు" అని ఇవ్వు. "ఇంట్లో నువ్వు ఎప్పుడూ కూర్చునే చోటు" అని ఇవ్వు. "అమ్మ చేతులు" అనేది ఎన్నిసార్లు ఇచ్చినా తరగదు. ఒకసారి ఓ పెద్దావిడ, అరవై దాటినావిడ, ఇంట్లో తాను కూర్చునే చోటంటూ ఏదీ లేదని, ఎప్పుడూ ఎవరో లేచిన కుర్చీలో కాసేపు కూర్చుంటానని రాసింది. పదిహేను నిమిషాల్లో నాలుగు వాక్యాలే రాసింది. ఆ నాలుగు వాక్యాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి నీకు చెప్పాలి. ఓసారి మొదటి రోజే, చాలాసేపు కూర్చోబెట్టి, వెంటనే "నిన్ను బాగా గాయపరిచిన రోజు" గురించి రాయమన్నాను. లోతుగా వెళితేనే మంచి రాత వస్తుందని అప్పుడు నా నమ్మకం. ఒకమ్మాయి ఐదు నిమిషాలు రాసి, వణకడం మొదలుపెట్టింది. బయటికి తీసుకెళ్లి పక్కన కూర్చున్నాను తప్ప ఏం చేయాలో నాకు తెలియలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె వెళ్లిపోయింది. తప్పు పూర్తిగా నాది. మౌనంలో కూర్చున్న మనిషికి మామూలుగా ఉండే కాపలా ఉండదు. ఆ సమయంలో మనం తలుపు తోసి లోపలికి పోకూడదు. ఆమె తెరవాలనుకుంటే ఆమే తెరుస్తుంది, వస్తువు గుండా, చేతుల గుండా, కుర్చీ గుండా.

బాధ గురించి రాస్తే మేలు జరుగుతుందన్న మాట నువ్వూ విని ఉంటావు. దాని మూలం 1986లో జేమ్స్ పెనెబేకర్, శాండ్రా బీల్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకులు కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం. వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు రాయించారు. తమకు జరిగినదాన్నీ, అప్పుడు తమకు కలిగిన భావాలనూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి మిగతావాళ్ల కంటే తక్కువసార్లు వెళ్లారు. దీన్నే అందరూ చెబుతారు. కానీ అదే ప్రయోగంలో, రాసిన వెంటనే వాళ్ల మనసు ఇంకా కుంగింది, బీపీ కూడా పెరిగింది. అంటే నీ శిబిరంలో ఎవరైనా బరువైనది రాస్తే ఆ రాత్రి వాళ్లకు కష్టంగానే ఉంటుంది. అందుకని బరువైన రాతను సాయంత్రం విడతకు పెట్టకు. చివరి రోజు అసలే పెట్టకు. పచ్చి పుండుతో ఇంటికి పంపినట్టు అవుతుంది. వచ్చేముందే ప్రతి ఒక్కరితో విడిగా ఫోన్లో మాట్లాడు. ఈ మధ్యే పెద్ద దెబ్బ తిన్నవాళ్లు, మందులు వాడుతున్నవాళ్లు ఉంటే వాళ్ల డాక్టర్ని అడిగి రమ్మను. అవసరమైతే ఫోన్ చేయగలిగే కౌన్సెలర్ ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకో. నువ్వు వైద్యురాలివి కావు. నీ పని గంట కొట్టడం, టైం చూడటం, తోడుండటం.

ఊపిరి గమనిస్తుంటే కొందరికి టెన్షన్ పెరుగుతుంది, గుండె దడగా ఉందంటారు. అలాంటివాళ్లను పాదాలు నేలకు ఆనిన చోటును గమనించమను, లేదా బయటి చప్పుళ్లు వినమను. కళ్లు తెరిచి కూర్చున్నా ఏమీ కాదు. కుర్చీలు అందరికీ సరిపడా వేయించు. నువ్వు కూడా మొదటి విడత కుర్చీలోనే కూర్చో, లేకపోతే మోకాళ్ల నొప్పులున్నవాళ్లు సిగ్గుపడి కింద కూర్చుని, ఇరవై నిమిషాలూ మోకాలినే ధ్యానిస్తారు.

ఆడవాళ్లు మాత్రమే ఉండే చోట కొన్ని సంగతులు వేరుగా ఉంటాయి. మొదటి రోజు చాలామంది కూర్చున్న చోటే నిద్రపోతారు. లేపకు. ఎన్నేళ్లుగా ఆపుకున్న నిద్రో అది. రెండో రోజు ఇంకోటి చూస్తావు. మౌనం మొదలవగానే ఎవరో ఒకరు లేచి ఖాళీ కప్పులు తీస్తారు, కుర్చీలు సర్దుతారు, పక్కావిడకు దుప్పటి కప్పుతారు. వాళ్ల చేతులకు ఊరికే ఉండటం రాదు. కోప్పడకుండా కూర్చోమను, సర్దే పని చూడటానికి వేరే మనిషిని పెట్టు. "ఇప్పుడు నువ్వు చేయాల్సింది ఏమీ లేదు" అన్న మాట విని ఏడ్చినవాళ్లను చూశాను. ఇంటికి ఫోన్ రోజుకొకసారి, సాయంత్రం, అందరికీ ఒకే సమయం. పూర్తిగా ఆపమంటే చిన్నపిల్లల తల్లులు నాలుగు రోజులూ ఆందోళనగానే ఉంటారు. అది మౌనం కాదు.

చదివి వినిపించే చోట నేను కాస్త కఠినంగా ఉంటాను, నువ్వూ ఉండు. ముందు లెక్క చూడు. పన్నెండు మంది, ఒక్కొక్కరికి నాలుగు నిమిషాల చదువు, మూడు నిమిషాల మాట అనుకుంటే గంటన్నరకు దగ్గర పడుతుంది. ఏడో మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎవరూ వినరు. నలుగురేసి మూడు గుంపులు చెయ్. అరగంటలో అయిపోతుంది, గుంపులో గొంతు కూడా తగ్గుతుంది, దాంతో ధైర్యం వస్తుంది. చదవనంటే వద్దు. నాలుగు రోజులూ చదవకపోయినా ఎవరూ కారణం అడగకూడదు.

విన్నవాళ్లు ఏం అనాలి అన్నది అన్నిటికంటే కష్టం. పాట్ ష్నైడర్ అనే అమెరికన్ రచయిత్రి పేద ఆడవాళ్లతో ఏళ్ల తరబడి రాయించింది. ఆవిడ పద్ధతిలోని రెండు నియమాలను నేను ఎన్నడూ వదల్లేదు. అప్పుడే రాసినదాన్ని విమర్శించకూడదు, ఏది గుర్తుండిపోయిందో అంతే చెప్పాలి. విన్నది కథలా తీసుకోవాలి, అంటే "నువ్వు పడ్డ కష్టం" అనకుండా "ఇందులోని ఆమె" అని మాట్లాడాలి. ఈ రెండో నియమం చిన్నదిగా కనిపిస్తుంది కానీ రాసినావిడకు దాక్కోవడానికి చోటిస్తుంది.

విమర్శ కంటే ఎక్కువగా నువ్వు కాచుకోవాల్సింది ఓదార్పును. మనవాళ్లు వెంటనే చెయ్యి పట్టుకుంటారు, "అయ్యో, నాకూ అచ్చం ఇలాగే జరిగింది" అంటారు, రెండు నిమిషాల్లో కథ చేతులు మారిపోతుంది. చదివినావిడ కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుని వాళ్లను ఓదార్చడం మొదలుపెడుతుంది. ప్రేమతోనే చేస్తారు, కానీ ఆవిడ రాత అక్కడితో ఆగిపోతుంది. చదవడం అయ్యాక మూడు ఊపిరుల మౌనం పెట్టు. తర్వాత "గుర్తుండిపోయిన మాట" ఒక్కటే చెప్పమను. సలహాలు, దగ్గరితనాలు భోజనాల దగ్గర, అదీ రాసినావిడ తనంతట తాను మొదలుపెడితేనే. గదిలో విన్నది గది దాటకూడదని మొదటి రోజే అందరి చేతా మాట తీసుకో.

రాయడం చేత్తోనే, మామూలు నోట్‌బుక్‌లో. ఖరీదైన పుస్తకం ఇస్తే అందులో చెత్త రాయడానికి భయపడతారు, చెత్త రాయనిదే మంచిది రాదు. కలం ఆగకూడదు. ఏమీ రాకపోతే "ఏమీ రావడం లేదు" అనే రాయమను.

నువ్వూ వాళ్లతో పాటు రాయి. కానీ నీది చదవకు. నువ్వు చదివితే వాళ్లందరూ మర్నాటి నుంచి నీలాగే రాస్తారు.

చివరి రోజు ఇంటికెళ్లాక రోజూ గంట కూర్చుంటామని, గంట రాస్తామని అందరూ మాటిస్తారు. ఆ మాట తీసుకోకు. ఐదు నిమిషాలు కూర్చుని, ఐదు నిమిషాలు రాయమను. ఏ గదిలో, ఏ సమయంలో, ఆ పది నిమిషాలు ఇంట్లో పిలుపులకు ఎవరు పలుకుతారు, ఈ మూడూ శిబిరం వదిలేముందే కాగితం మీద రాయించు. మూడో ప్రశ్న దగ్గర చాలామంది కలం ఆగుతుంది. అక్కడ తొందరపెట్టకు, ఎంతసేపైనా ఉండనీ.

నా గంట నీకు పంపిస్తున్నాను. ఫోన్ అలారం పెడితే అందరూ ఉలిక్కిపడి లేస్తారు. దీన్ని ఒక్కసారే, మెల్లగా కొట్టు. చప్పుడు చాలాసేపు సాగుతుంది, అది పూర్తిగా ఆగాకే లేవమను.

ఆశీస్సులతో,
అత్తయ్య