ఎర్ర గరువులో డీఏపీ వేసినా వరి దుబ్బు కట్టడం లేదంటే

మీ ప్రశ్న ఇది: గుణుపురం వైపు ఎర్ర గరువు (మెరక నేల), ఎకరాకి బస్తా డీఏపీ వేశారు, ఊడ్చి పాతిక రోజులైనా మొక్కకి రెండు పిలకలే. ఆకు కురచగా, నిటారుగా, మరీ ముదురు పచ్చగా ఉంది. భాస్వరం బాగా లాగే వంగడం వేస్తే తీరుతుందా?

కొంత తీరుతుంది. కానీ నేలని వదిలేసి విత్తనం ఒక్కటే మార్చకండి.

50 కిలోల డీఏపీ బస్తాలో ఎరువుల లెక్కన (P2O5) 23 కిలోల భాస్వరం ఉంటుంది, తక్కువేం కాదు. కానీ మీ ఎర్ర గరువు ఆమ్ల నేలైతే ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి. పైగా భాస్వరం నత్రజనిలా నీటితో పాటు రాదు, మొక్క వేరు తానే దాని దగ్గరకి పోవాలి. నీరు నిలిస్తే మూడు నాలుగు వారాలకి ఆమ్లం తగ్గి కొంత విడుదలవుతుంది, కాని గరువులో అన్నాళ్లు నీరు నిలవదు కదా.

ముందు ఒక దుబ్బుని పారతో మట్టితో సహా తీసి, బక్కెట్టు నీళ్లలో నెమ్మదిగా కడిగి చూడండి. తెల్లటి కొత్త వేర్లు నాలుగైదే ఉండి, అడుగాకులు ఊదారంగు తిరిగితే భాస్వరమే. వేర్లకి తుప్పు పూత దట్టంగా పట్టి, అడుగాకుల కొసల నుంచి గోధుమ చుక్కలు దిగుతుంటే ఇనుము ఎక్కువైంది. దానికి మడి ఆరగట్టి, పొటాష్ వేయాలి. లేత ఆకు మొదట్లో ఈనె తెల్లబడితే జింకు లోపం: లీటరుకి 2 గ్రాముల జింకు సల్ఫేటు, ఐదు రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ. భాస్వరం మితిమీరినా ఇదే వస్తుంది.

వంగడాల సంగతి. కసలాత్ అనే పాత వరిలో దొరికిన పప్1 అనే జన్యుభాగంలో అసలు పని చేసే జన్యువుని 2012లో గుర్తించారు. అది భాస్వరాన్ని పుట్టించదు, లేత మొక్కకి వేర్లు తొందరగా, ఎక్కువగా పెంచుతుంది. మనకి తెలిసిన స్వర్ణలోనూ ఈ గుణం ఉంది, కానీ 145 రోజుల పంట, గరువులో అన్నాళ్లు తడి ఉండదు. మెట్ట రకాల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే మీ ఊరి పాత ఎద వడ్లు (నేరుగా విత్తే రకాలు) పారేయకండి.

వచ్చే పంటకి: నేల పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కన్నా తక్కువైతే ఆఖరి దుక్కికి పదిహేను రోజుల ముందు సున్నం. మొక్కజొన్న, చోడి (రాగి)కైతే సాళ్లలో ఎకరాకి 80 నుంచి 160 కిలోలు చాలు, ఏటా వేయాలి. రాయగడ వైపు కాగితపు మిల్లు సున్నపు బురద దొరికితే ఆరబెట్టి అదే వాడొచ్చు. సున్నంతో డీఏపీ కలిపితే నత్రజని గాలిలో పోతుంది. డీఏపీ మొత్తం దమ్ములోనే, గెత్తంతో (పశువుల ఎరువుతో) కలిపి వేయండి. నిలిచిన నీళ్లలో తర్వాత చల్లింది వేరుకి అందదు.

ఊడుపు రోజున పది లీటర్ల బురదలో 200 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు కలిపి, నారు వేర్లు అరగంట ముంచి, వెంటనే ఊడవండి. ఎక్కువ కలిపితే వేరు మాడుతుంది. ముందు ఐదు సెంట్లలో చూడండి.

భూసార పరీక్షకి ఇచ్చినప్పుడు భాస్వరం ఆమ్ల నేలలకి సరిపడే బ్రే పద్ధతిలో చూడమని అడగండి. ఓల్సెన్ పద్ధతి తటస్థ, క్షార నేలలకి ఉద్దేశించింది.