నైట్ షిఫ్ట్‌లో నిద్ర పట్టకపోతే ఇన్‌సోమ్నియా అనొచ్చా?

మీరు అడిగింది ఇదీ: బెంగళూరులో కొత్తగా యూఎస్ షిఫ్ట్ ఉద్యోగంలో చేరారు. పగలు పడుకున్నా సరిగా నిద్ర పట్టడం లేదు. టీమ్‌లో అందరూ ‘నీకు ఇన్‌సోమ్నియా’ అంటున్నారు. ఆ మాటకు అసలు అర్థం ఏమిటి, మీకు వర్తిస్తుందా, మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి వేసుకోవచ్చా అని.

చివరిదానికి ముందు జవాబు చెప్తాను. దయచేసి అలా వేసుకోవద్దు. మనవాళ్లు పేరు చెప్పి అడిగే ఆల్ప్రజోలమ్, జోల్పిడెమ్ రెండూ షెడ్యూల్ హెచ్1 మందులు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన ప్రకారం డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. షాపువాళ్లు డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారన్నది రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఇంత కట్టడి ఊరికే పెట్టలేదు. ఆల్ప్రజోలమ్ లాంటివి కొన్నాళ్లు వాడితే అలవాటు పడిపోతాం, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. మద్యం తాగి ఈ మాత్ర వేసుకుంటే ఊపిరికే ప్రమాదం. వీకెండ్ పార్టీ నుంచి వచ్చి మాత్ర వేసుకుని పడుకునే కుర్రాళ్లను పీజీల్లో చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక మాట సంగతి. లాటిన్‌లో సోమ్నస్ అంటే నిద్ర, ముందున్న ‘ఇన్’ అది లేదని చెప్తుంది. మామూలు ఇంగ్లిష్‌లో ఒక్క రాత్రి నిద్ర పట్టకపోయినా ఇన్‌సోమ్నియా అనేస్తారు. డాక్టర్ అదే మాటను జబ్బు పేరుగా రాయాలంటే లెక్కలున్నాయి. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన డీఎస్ఎమ్-5 (మానసిక జబ్బులను నిర్ధారించే పుస్తకం) ప్రకారం పడుకున్నాక నిద్ర రాకపోవడమో, మధ్యలో మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడమో, తెల్లారకముందే లేచి కూర్చోవడమో వారానికి కనీసం 3 రాత్రులు, కనీసం 3 నెలల పాటు ఉండాలి. దానివల్ల పగటి పనో మనసో దెబ్బతినాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఇంకోటి ఉంది: నిద్రపోవడానికి తగినంత సమయం, అనువైన చోటు ఉండి కూడా నిద్ర రాకపోవాలి.

మీ టీమ్‌వాళ్లు ఈ షరతును వదిలేసి మాట్లాడుతున్నారు. తెలుగులో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ, ఎందుకంటే నిద్రకు టైమ్ దొరకకపోయినా, టైమ్ ఉండి నిద్ర రాకపోయినా మన పేపర్లు ‘నిద్రలేమి’ అనే రాస్తాయి. రెండింటికీ వైద్యం మాత్రం వేరు.

నేను రెండూ పడ్డాను. నైట్ షిఫ్ట్ రోజుల్లో మారతహళ్లి పక్కన మున్నెకొళాలలో పీజీలో ఉండేవాణ్ణి. తెల్లారాక క్యాబ్ దింపేది. పడుకుందామంటే కిటికీ నిండా ఎండ. కింద వాటర్ ట్యాంకర్ మోటారు, పక్క సైటులో కాంక్రీట్ మిక్సర్, టిఫిన్ అయిపోతోందని తలుపు కొట్టే వంటమనిషి. ఇవి ఆగాయనుకునేలోపు అమ్మ ఫోన్. నిద్ర పట్టక కాదు, పోనివ్వక. దీనికి ఇంగ్లిష్‌లో సరైన మాట స్లీప్ డెప్రివేషన్.

అన్నీ నిశ్శబ్దంగా ఉన్నా పగటి నిద్ర రాత్రి నిద్రలా సాగదు. మెదడులో హైపోథలమస్ అనే భాగంలో ఒక గడియారం ఉంది, కంట్లో పడే వెలుతురును బట్టి అది రాత్రీ పగలూ లెక్క కట్టుకుంటుంది. ఈ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి తేల్చినందుకే హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. షిఫ్ట్ వల్ల ఆ గడియారం గాడి తప్పి, నిద్ర పట్టక, డ్యూటీలో తూగు వస్తూ ఉంటే దానికి షిఫ్ట్ వర్క్ డిజార్డర్ అని వేరే పేరే ఉంది. మీరు చెప్పిన లక్షణాలు నాకు దీనికి దగ్గరగా అనిపిస్తున్నాయి.

నాకు పనికొచ్చినవి చెప్తాను. క్యాబ్‌లో ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకునేవాణ్ణి, పొద్దుటి వెలుతురు పడితే నిద్ర ఎగిరిపోతుంది కాబట్టి. కిటికీకి మందపాటి నల్ల గుడ్డ కట్టించాను. కాఫీ షిఫ్ట్ మొదటి సగంలోనే. కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. డ్యూటీకి వెళ్లేముందు కాసేపు కునుకు. ఇంట్లోవాళ్లకు కూడా నచ్చజెప్పాలి. “అమ్మా, మధ్యాహ్నం పన్నెండంటే నాకు అర్ధరాత్రి లెక్క, సాయంత్రం అయిదు దాటాక చెయ్యి” అని చెప్పాక మా అమ్మ మళ్లీ ఆ టైమ్‌లో ఫోన్ చేయలేదు.

డే షిఫ్ట్‌కి మారాక అసలు ఇన్‌సోమ్నియా మొదలైంది. గది చీకటి, వీధి నిశ్శబ్దం, మర్నాడు తొందరేమీ లేదు, అయినా కన్ను మూతపడదు. మంచం ఎక్కగానే ‘ఈ రోజైనా పడుతుందా’ అని టెన్షన్. నెలలు గడిచినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మాత్ర రాయకుండా స్లీప్ డైరీ ఇచ్చారు. మంచం ఎక్కిన టైమ్, నిద్ర పట్టిందనుకున్న టైమ్, ఎన్నిసార్లు లేచింది, పొద్దున ఎప్పుడు దిగింది, కాఫీ ఎప్పుడు, పగలు కునుకు ఎంత, అన్నీ గడులు. నింపి తీసుకెళ్తే అందులోంచి ఒకే లెక్క తీశారు. తొమ్మిది గంటలు మంచం మీద ఉంటున్నాను, నిద్రపోతున్నది అయిదున్నర. షిఫ్ట్ జబ్బును మొదలుపెట్టి ఉండొచ్చు, దాన్ని సాగదీస్తున్నది మాత్రం నిద్ర కోసం మంచం మీద ఊరికే పడి ఉండటమే అన్నారు.

మాత్రల్లేకుండా నిద్ర అలవాట్లను, ఆలోచనలను సరిదిద్దే ఈ వైద్యం పేరు సీబీటీ-ఐ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఫర్ ఇన్‌సోమ్నియా). పెద్దవాళ్ల దీర్ఘకాల ఇన్‌సోమ్నియాకు మాత్రల కన్నా ముందు దీన్నే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చెప్పింది. నాకు రాత్రి పన్నెండు నుంచి పొద్దున ఆరు దాకానే మంచం. ఆదివారమైనా ఆరుకి లేవాల్సిందే. ఇరవై నిమిషాలు పట్టకపోతే లేచి హాల్లోకి వెళ్లాలి, తూగు వచ్చాకే మళ్లీ గదిలోకి. గడియారం చూడకూడదు, అందాజుగా అంతే. మంచం మీద ఫోన్, ల్యాప్‌టాప్ బంద్. నిద్ర మెరుగయ్యేకొద్దీ పావుగంట చొప్పున పెంచుకుంటూ పోతారు.

మొదటి వారాలు నరకంగా ఉంటాయి, దాచను. పగలంతా తూగు. బండి పక్కన పెట్టి 500డి బస్సులో ఆఫీసుకు వెళ్లేవాణ్ణి. ఫిట్స్ ఉన్నవాళ్లు, బైపోలార్ ఉన్నవాళ్లు, డ్రైవింగే ఉద్యోగమైనవాళ్లు దీన్ని సొంతంగా మొదలుపెట్టకూడదు. పట్టు వదలకుండా చేసినవాళ్లకు ఫలితం నిలబడుతుందని నా అనుభవం.

ఇంకో రకం కూడా ఉంది. నా రూమ్మేట్ పడుకోగానే నిద్రపోయేవాడు, గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడేవాడు. పొద్దున తలనొప్పి, మీటింగ్‌లో కునికిపాట్లు. అతనూ ఇన్‌సోమ్నియా అనే చెప్పుకునేవాడు. రాత్రి పరీక్ష చేస్తే స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు అని తేలింది. ఇలాంటివాళ్లు నిద్రమాత్ర వేసుకుంటే ఊపిరి ఆగడం ఇంకా పెరగవచ్చు.

వాడుక విషయానికొస్తే, మేనేజర్‌కి మెయిల్ రాసేటప్పుడు డాక్టర్ తేల్చకుండా ఇన్‌సోమ్నియా అని రాయకండి. షిఫ్ట్ టైమింగ్స్ వల్ల నిద్ర చాలడం లేదని రాయండి. సమస్య మీ ఒంట్లో కాదు, రోస్టర్‌లో ఉందని చదివినవాళ్లకు తెలుస్తుంది, షిఫ్ట్ మార్చమని అడగడానికీ వీలుంటుంది. ఇన్‌సోమ్నియాక్ అంటే ఆ జబ్బున్న మనిషి, జబ్బు పేరు కాదు. రాత్రి కూర్చుని సిరీస్‌లు చూసేవాణ్ణి అలా పిలవడం సరదాకి తప్ప సరికాదు.

ముందు రెండు వారాలు డైరీ రాయండి. సెలవుల్లో ఊరెళ్లి రాత్రి పడుకున్నప్పుడు హాయిగా నిద్ర పడుతోందా అన్నది తప్పకుండా రాయండి, డాక్టర్‌కి చాలా పనికొస్తుంది. పడుతుంటే షిఫ్ట్ సంగతి చూసుకోవాలి. అక్కడా పట్టకపోతే బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రిలోనో దగ్గర్లోని సైకియాట్రిస్ట్ దగ్గరో చూపించుకోండి. నిద్ర లేకపోవడంతో పాటు బతుకు మీద విరక్తి లాంటి ఆలోచనలు వస్తుంటే రెండు వారాలు ఆగొద్దు, ఇవాళే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.