లినక్స్ ప్రోగ్రామింగ్ తీసుకోండి, మెషిన్ లెర్నింగ్ ఎక్కడికీ పోదు

మీరు అడిగింది: "బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. వచ్చే సెమిస్టర్‌కి మెషిన్ లెర్నింగ్, క్లౌడ్ కంప్యూటింగ్, లినక్స్ ప్రోగ్రామింగ్‌లో ఒకటి ఎంచుకోవాలి. క్లాసులో అందరూ మెషిన్ లెర్నింగే అంటున్నారు. ఏం చెయ్యాలి?"

లినక్స్ ప్రోగ్రామింగ్ తీసుకోండి. మరో ఆలోచన వద్దు.

2013లో నాకూ ఇదే టెన్షన్. తూర్పు గోదావరిలో జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న ఒక కాలేజీ మాది. అప్పట్లో అందరూ ఎగబడిన సబ్జెక్టు క్లౌడ్. "లినక్స్ జోలికి పోకు, ఆ సార్ ల్యాబ్‌లో ఏడిపిస్తారు. క్లౌడ్ అయితే ముందు రోజు రాత్రి చదివినా గట్టెక్కేస్తావు" అని సీనియర్ అక్కలు చెప్పారు. మా రూమ్మేట్ ఎలక్టివ్ ఫారంలో లినక్స్ అని రాసింది, నేనూ అదే రాశాను.

మూడో వారమో నాలుగో వారమో ల్యాబ్‌లో ఫోర్క్ ప్రోగ్రామ్ ఇచ్చారు. ఫోర్క్ అంటే నడుస్తున్న ప్రోగ్రామ్ (ప్రాసెస్) తనకి తానే ఒక నకలు పుట్టించుకోవడం. ముందు ప్రింట్‌ఎఫ్‌తో (సి భాషలో అచ్చు వేయించే ఆదేశం) 'స్టార్ట్' అని ఒక లైను, తర్వాత వరుసగా రెండు ఫోర్క్‌లు. నడిపితే స్క్రీన్ మీద 'స్టార్ట్' ఒక్కసారి వచ్చింది. రికార్డులో ప్రింటవుట్ అంటించాలి కదా అని అదే ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ని ఫైల్లోకి పంపాను. తెరిచి చూస్తే 'స్టార్ట్' నాలుగు సార్లు ఉంది. ఏదో తప్పు కొట్టాననుకుని మళ్ళీ కంపైల్ చేశాను. మళ్ళీ నాలుగే.

సార్ వెనక నుంచి వచ్చి చూశారు. "ఏమ్మా, ఎన్నిసార్లు వచ్చింది?"

"స్క్రీన్ మీద ఒకటి, ఫైల్లో నాలుగు సార్."

"ఎందుకో రేపు చెప్పు. చెప్పాకే సంతకం." అని పక్క సిస్టమ్ దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ రాత్రి హాస్టల్లో నలుగురికీ కలిపి ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ ముందేసుకుని, ఒంటిగంట దాకా మాన్యువల్ పేజీలు చదివాం. చివరికి దొరికింది. స్క్రీన్ మీదికి వెళ్ళేటప్పుడు సి లైబ్రరీ ఏ లైనుకి ఆ లైను బయటికి పంపేస్తుంది. ఫైల్లోకి అయితే బఫర్ (తాత్కాలికంగా దాచుకునే చోటు) నిండేదాకానో, ప్రోగ్రామ్ ముగిసేదాకానో తన దగ్గరే దాచుకుంటుంది. ఈలోపు ఫోర్క్ జరిగితే ప్రాసెస్ మెమరీ మొత్తానికి నకలు తయారవుతుంది, ఆ దాచుకున్న లైనుతో సహా. జేబులో పోస్టు చెయ్యని ఉత్తరం పెట్టుకున్న మనిషికి అచ్చు అలాంటి మనిషే ఇంకొకడు పుడితే, ఇద్దరి జేబుల్లోనూ ఉత్తరం ఉంటుంది. ఇద్దరూ పోస్టు చేస్తారు. రెండు ఫోర్క్‌లకి నలుగురు మనుషులు, నాలుగు ఉత్తరాలు. ఫోర్క్‌కి ముందు ఎఫ్‌ఫ్లష్ పెట్టాం, అంటే దాచుకున్నదంతా అప్పుడే బయటికి పంపెయ్యమనే ఆదేశం. ఒక్కటే వచ్చింది. ఆ అర్ధరాత్రి మేమిద్దరం అరిచిన అరుపుకి పక్క రూమ్ వాళ్ళు లేచి వచ్చారు.

పొద్దున్నే చెప్తే సార్ సంతకం పెట్టి, "మరి పిల్ల ప్రాసెస్‌లు అండర్‌స్కోర్ ఎగ్జిట్‌తో బయటికి పోతే?" అన్నారు. అది, దాచుకున్నది బయటికి పంపకుండానే ప్రాసెస్‌ని ముగించేసే పద్ధతి. ఇంకో రాత్రి దానికి.

ఆ రికార్డుల గురించి కూడా చెప్పాలి. చాలా మంది కిందటేడాది రికార్డు తెచ్చి, అవుట్‌పుట్‌తో సహా దించేసేవారు. ఫైళ్ళ జాబితా చూపించే ఎల్‌ఎస్ కమాండ్ అవుట్‌పుట్‌లో ఉన్న పాత తేదీలు కూడా అలాగే దిగేవి. దానికీ పదికి పది. నాలుగేళ్ళు తల్లిదండ్రులు ఫీజులు కట్టేది దీనికా? ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

ఉద్యోగంలో చేరాక, 2019లో, సి భాషలో రాసిన ఒక పాత ప్రోగ్రామ్ రోజూ రాత్రి రిపోర్టు తయారుచేసేది. కొత్త మార్పు చేశాక హెడర్ లైను నాలుగు సార్లు రావడం మొదలైంది. చేత్తో నడిపితే సరిగ్గా ఉంటుంది, రాత్రి క్రాన్ (టైముకి ప్రోగ్రామ్‌లని తనంతట తానే నడిపేది) నడిపి అవుట్‌పుట్ ఫైల్లోకి వెళితే తప్పు. టీమ్ రెండు రోజులు డేటాబేస్‌ని అనుమానించింది. నాకు ఆ మాట చెవిన పడగానే ల్యాబ్ గుర్తొచ్చింది. చూస్తే ముగ్గురు పిల్లలు, ఒక తల్లి ప్రాసెస్. ఒక్క ఎఫ్‌ఫ్లష్ లైనుతో సరిపోయింది. క్లౌడ్ సబ్జెక్టులో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఆ గదిలోనే ఉన్నారు.

మెషిన్ లెర్నింగ్ వద్దనడం లేదు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి, పరీక్ష రాస్తేనే ఫీజు. వీడియో చూసి, మీ లెక్కలు మీరు చేసుకుని నేర్చుకోవచ్చు. కానీ సంతకం ఆపేసి "ఎందుకో రేపు చెప్పు" అనే మనిషి వీడియోలో ఉండడు. అందుకే కాలేజీలో మనిషి, ల్యాబ్ కావలసిన సబ్జెక్టు తీసుకోవాలి, మిగతావి ఇంటి దగ్గర చదువుకోవాలి. పైగా కాకినాడ సిలబస్ ఆర్16, ఆర్19, ఆర్20, ఆర్23 అని (అంకె అది మొదలైన సంవత్సరం) మారుతూనే ఉంది. ఫోర్క్ మాత్రం 1971 నాటి యునిక్స్ మొదటి మాన్యువల్లోనే ఉంది, ఇవాళ మీ లినక్స్‌లోనూ ఉంది. క్లౌడ్‌లో కంటైనర్లు అంటున్నవి (ప్రోగ్రామ్‌లని విడివిడి డబ్బాల్లో నడిపే పద్ధతి) లినక్స్ కెర్నల్‌లోని, అంటే దాని గుండెకాయలోని, నేమ్‌స్పేస్‌లు (ఎవరికి ఏది కనిపించాలో విడదీసేవి), సీగ్రూప్‌ల (ఎవరికి ఎంత మెమరీ, సీపీయూ అన్నది కట్టడి చేసేవి) మీద కట్టినవే. మెషిన్ లెర్నింగ్‌కి వాడే పైటార్చ్‌లో డేటా అందించే డేటాలోడర్ వర్కర్లు కూడా విడివిడి ప్రాసెస్‌లే. డాకర్‌లో (కంటైనర్లు నడిపే సాధనం) నడిపినప్పుడు ప్రాసెస్‌లు పంచుకునే షేర్డ్ మెమరీ చాలక ట్రైనింగ్ పడిపోతే, న్యూరల్ నెట్‌వర్క్ పాఠం అక్కరకి రాదు. ఎంటెక్ ప్రవేశానికి గేట్ రాసే ఉద్దేశం ఉన్నా అంతే. సీఎస్ పేపర్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉంటుంది, మెషిన్ లెర్నింగ్‌ది 2024లో మొదలైన డీఏ (డేటా సైన్స్, ఏఐ) అనే వేరే పేపర్.

సీనియర్లని "ఏది ఈజీ?" అని అడక్కండి. "ల్యాబ్‌లో ఎవరు టైప్ చేస్తారు, మనమా, సారా?" అని అడగండి. లినక్స్ చెప్పే సార్ నోట్స్ డిక్టేట్ చేసే రకమైతే, మెషిన్ లెర్నింగ్ మేడమ్ దగ్గరుండి కోడ్ రాయిస్తుంటే, అప్పుడు అదే తీసుకోండి. ఇంకొకటి, చాలా కాలేజీల్లో ఎలక్టివ్ అన్నది పేరుకే, ఎక్కువ మంది రాసిందే అందరికీ పెట్టేస్తారు. ఫారం ఇచ్చే ముందే ఓ ఇరవై మందిని కూడగట్టుకుని హెచ్‌వోడీ గారిని కలవండి.

ఈలోపు ఈ రాత్రికి ఆ చిన్న ఫోర్క్ ప్రోగ్రామ్ రాయండి. ఒకసారి టెర్మినల్లో, ఒకసారి ఫైల్లోకి నడపండి. తర్వాత ఫోర్క్‌లు మూడు చేసి, ఫైల్లో ఎన్ని లైన్లు వస్తాయో నడిపే ముందే కాగితం మీద రాసుకోండి.